పదిహేడో నంబరు సీసా

2008 జూన్ ఇరవయ్యారవ తేదీ, గురువారం, ఉదయం పదిన్నర గంటలకు, హిందూపురం దూరవిద్యా అధ్యయన కేంద్రంలోని రసాయనశాస్త్ర ప్రయోగశాలలో వస్తువుల అప్పగింత మొదలైంది. హాజరైనవారు: కేంద్రం బాధ్యతలు చూసే అధ్యాపకుడు రాజశేఖర్, ఈ నెలాఖరున పదవీ విరమణ చేయబోతున్న ప్రయోగశాల సహాయకుడు సాల్మన్, ఆ స్థానంలో నియమితురాలైన రోజా.

అప్పగింత పత్రం మొదటి పుటలో ఈ వాక్యాలను సాల్మన్ తన చేత్తోనే రాశాడు. ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి పత్రాలు అతనికి కొత్త కావు. ఎవరు వచ్చినా, ఎవరు వెళ్ళినా, వస్తువులు లెక్క చూసి రాసేది అతడే. కాకపోతే వెళ్ళేవారి వరసలో తన పేరు రాయడం ఇదే మొదటిసారి.

బ్యూరెట్లు నలభై రెండు, అందులో కుళాయి బిగుసుకుపోయినవి మూడు. స్పిరిటు దీపాలు ముప్పై ఒకటి. వరండాలో, కుళ్ళిన గుడ్ల వాసన కొట్టే వాయువును తయారుచేసే గాజు పరికరం ఒకటి. దాన్ని కనిపెట్టినవాడి పేరుతో అందరూ కిప్పు అంటారు. సాల్మన్ ఒక్కో వస్తువు పేరు చదివితే రోజా తాకి చూసి తల ఊపుతోంది. రాజశేఖర్ గడిలో టిక్కు పెడుతున్నాడు. పదేళ్ళుగా ఒక్క బీకరు కూడా పగిలినట్టు రిజిస్టరులో లేదే, ఇది మనుషులు వాడిన ప్రయోగశాలేనా అని అతడు వేళాకోళమాడాడు. పగిలినప్పుడల్లా తన జీతంలోంచి కొని పెట్టానని సాల్మన్ చెప్పలేదు. చెప్పాల్సినవాటిలో అది చాలా చిన్నది.

నల్లచెరువులో కూలిపని చేసుకునే యోహాను కొడుకు సాల్మన్. పదో తరగతి గట్టెక్కి, ఇరవై నాలుగో ఏట విశ్వవిద్యాలయంలో సీసాలు కడిగే పనికి చేరాడు. సీసాలు కడుగుతూ కడుగుతూ వాటి మీద చీటీలు చదవడం నేర్చాడు. చీటీలు చదువుతూ లోపలి పొడుల గుణాలు నేర్చాడు. తొంభైలలో దూరవిద్యా విభాగం ఇటు హిందూపురానికి విస్తరించి, పెనుకొండలో, ధర్మవరంలో కాలేజీలను అడిగి పరీక్షలు పెట్టడం మొదలైనప్పటినుంచి, ఆ మూడు ఊళ్ళ మధ్య ప్యాసింజరు బండిలో తిరిగిన ప్రయోగశాల అంటే సాల్మనే.

ఆ ప్రయోగశాల ఒక టేకుపెట్టెలో ఇమిడేది. నలభై గుంటలు, నలభై చిన్న సీసాలు, అడుగున పచ్చని మందపు గుడ్డ. ప్రతి సీసాలోనూ పేరు లేని ఒక లవణం. పరీక్ష రోజున అభ్యర్థి చీటీ తీస్తాడు. చీటీ మీది అంకె ఏదైతే ఆ నంబరు సీసాలోని పొడి అతనిది. మూడు గంటల్లో అది ఏ లవణమో కనిపెట్టి రాయాలి. ఒక ఊరి జాబితా ఇంకో ఊరికి పొక్కకుండా, ఏ ఊళ్ళో దిగితే ఆ ఊళ్ళో సాల్మన్ సీసాలన్నీ ఖాళీచేసి, కడిగి, వరస మార్చి నింపేవాడు. ఏ నంబరులో ఏముందో రెండు కాగితాల మీద రాసి, ఒకటి పరీక్షకుడికి ఇచ్చి, రెండోది తన చొక్కా జేబులో పెట్టుకునేవాడు. పరీక్ష ముగియగానే ఆ రెండోదాన్ని స్పిరిటు దీపం మీద కాల్చేసేవాడు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. సాల్మన్ అడక్కుండానే పెట్టేవాడు. దూరవిద్యలో చదివేవాళ్ళు పగలంతా ఏదో ఒక పని చేసుకునేవాళ్ళు. ఏడాదిలో పది ఆదివారాలు మాత్రమే ప్రయోగశాల ముఖం చూసేవాళ్ళు. వాళ్ళ బిత్తరచూపులు చూస్తే అతనికి తన మొదటి రోజులు గుర్తొచ్చేవి. నీళ్ళసీసా అందించే నెపంతో బల్ల దగ్గరికి వెళ్ళి, అంచు మీద వేళ్ళు ఆనించేవాడు. లవణాలను ఆరు గ్రూపులుగా చదువుకుంటారు. రెండు వేళ్ళు ఆనిస్తే రెండో గ్రూపు, అయిదు ఆనిస్తే అయిదోది. పొడి రంగు చూసి తక్కినది పిల్లలే పోల్చుకునేవాళ్ళు. దీనికి అతడు ఎవరి దగ్గరా కాఫీ కూడా తాగలేదు. తన చదువు ఆగిపోయిన చోట నాలుగు చేతులు పట్టి ఏరు దాటిస్తున్నానని అనుకున్నాడు. అలా అనుకోవడం అతనికి చాలా హాయిగా ఉండేది.

టేకుపెట్టె వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. రోజా సీసాలు లెక్కపెట్టి, గొంతు తగ్గించింది.

“అన్నీ అప్పజెప్తివి గానీ అన్నా, అసలుది చెప్పకుండా పోతాండావే.”

“ఏమదీ?”

“వేళ్ళ లెక్క. ధర్మవరంలో మా చిన్నాయన కొడుకు నీ వేళ్ళు చూసే పాసయినాడంట. ఇప్పుడు ఆయప్ప సైన్సు పంతులు. నాకూ నేర్పించు. రేపు పిల్లోళ్ళు నా వేళ్ళ పక్క చూస్తే నేను గాజులు చూపించాల్నా?”

రాజశేఖర్ నవ్వి, కిటికీ వైపు తిరిగి, తనకు చెవులు సరిగా వినబడవని అన్నాడు. ఆ మర్యాద కూడా ఆ శాలలో పాతదే.

సాల్మన్ నవ్వలేదు. “అది రిజిస్టరులో లేదమ్మా. లేనిది అప్పజెప్పేదానికి కాదు” అన్నాడు. సీసాలన్నీ బల్ల మీదికి తీసి, పెట్టె అడుగున పచ్చగుడ్డ కొస ఎత్తి, దాని కిందినుంచి మడతలు పడి పసుపెక్కిన ఒక కాగితాన్ని బయటికి తీశాడు. ఏమిటది అని రాజశేఖర్ అడిగాడు. పెట్టెతో వచ్చింది కాదు సార్, నాది, అని చెప్పి సాల్మన్ దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

నిజానికి అది అతనిదీ కాదు.

1997 ఏప్రిల్‌లో, వరసగా రెండు రోజుల్లో రెండు ఊళ్ళలో పరీక్షలు పడ్డాయి. మొదటి రోజు పెనుకొండలో పని ముగిసేసరికి బండి వేళయింది. కొండకోట నీడ ఊరి మీద పడుతుండగా పెట్టె భుజాన వేసుకొని స్టేషనుకు పరుగెత్తాడు. జాబితా కాల్చడం ఆ ఒక్కరోజే మరిచిపోయాడు. మరునాడు ధర్మవరంలో తెల్లవారుజామునే సీసాలు కడిగి, వరస మార్చి నింపి, కొత్త జాబితా రాసి అదే జేబులో పెట్టుకున్నాడు. చొక్కా నిన్నటిదే. జేబులో ఇప్పుడు రెండు కాగితాలు.

బయటి ఊరినుంచి వచ్చిన పరీక్షకుడు కఠినుడని పేరు. అందుకని ఆ రోజు ఎవరికీ సాయం చేయకూడదని సాల్మన్ అనుకున్నాడు. కిప్పు పక్కన వరండాలో నిలబడి, వాయువు కోసం వచ్చినవాళ్ళ నాళికలు పట్టి ఇస్తున్నాడు. కాలేజీ గోడకు అవతల వీధిలో మగ్గాల చప్పుడు తెరిపి లేకుండా వినిపిస్తోంది. పదకొండు గంటల ప్రాంతంలో నీళ్ళసీసాలు నింపడానికి లోపలికి వెళ్ళినప్పుడు, చివరి బల్ల దగ్గర ఒక అమ్మాయి చేతులు వణకడం చూశాడు. అగళి నుంచి వచ్చే ఈశ్వరి. పది ఆదివారాలకు పది ఆదివారాలూ వచ్చిన అభ్యర్థి ఆమె ఒక్కతే. ముందురోజే బయల్దేరి, తండ్రితో పాటు ధర్మవరంలో ఎవరింటి అరుగు మీదో పడుకొని పరీక్షకు వచ్చిందని విన్నాడు. దీపం ముందు నిలబడి, గాజుకడ్డీ పట్టుకొని, ఆకు వణికినట్టు వణుకుతోంది.

భయపడిందని అతడు అనుకున్నాడు. పక్కకు వచ్చి, జేబులోంచి కాగితం సగం పైకి లాగి చూశాడు. పదిహేడు: జింకు కార్బొనేటు. బల్ల అంచున నాలుగు వేళ్ళు ఆనించి, ఆమె చూసిందని నిర్ధారించుకొని, వెళ్ళిపోయాడు. నాలుగో గ్రూపులో ఆ పెట్టెలో ఉన్న తెల్లపొడి జింకు ఒక్కటే. అంతకన్నా చెప్పాల్సింది లేదు.

ఆ కాగితం పెనుకొండది.

పరీక్ష ఇంకో అరగంటలో ముగుస్తుందనగా పరీక్షకుడు ఈశ్వరి రాసింది తన జాబితాతో పోల్చి చదివాడు. రెండూ కలవలేదు. నాలుగో గ్రూపు తేలాలంటే వరండాలోని వాయువు పట్టక తప్పదు. పట్టినట్టు, తెల్లని అవక్షేపం వచ్చినట్టు కాగితంలో ఉంది. చేయని పరీక్షకు ఫలితం ఎలా వచ్చిందమ్మా అని అతడు అందరూ వినేట్టు అడిగాడు. అతడు సాల్మన్‌ను కేకేసి, ఈ అమ్మాయి గ్యాసు కోసం నీ దగ్గరికి వచ్చిందా అని అడిగాడు.

“రాలేదు సార్” అన్నాడు సాల్మన్.

ఈశ్వరి ఒక్కసారి అతని వైపు చూసి తల దించుకుంది. తనకు వేళ్ళు చూపింది ఇతడేనని ఆమె ఆ క్షణాన అని ఉంటే సాల్మన్ ఉద్యోగం పోయేది. ఆమె అనలేదు. ఆ మధ్యాహ్నం బల్లలు తుడుస్తున్నప్పుడు ఆమె చిత్తుకాగితం అతనికి దొరికింది. పెన్సిలుతో గుండ్రంగా రాసి ఉంది: ‘మంట పరీక్ష. కుంకుమ ఎరుపు. చాలా స్పష్టం. స్ట్రాన్షియం.’ ఆ చివరి మాట మీద రెండు గీతలు. కింద, వేరే చేయి రాసినట్టు వంకర అక్షరాల్లో, జింకు.

సాల్మన్ జేబులోంచి రెండు కాగితాలూ తీసి పక్కపక్కన పెట్టి చూశాడు. ధర్మవరం జాబితాలో పదిహేడు స్ట్రాన్షియమే. అప్పటికి పరీక్షకుడు ఇంకా ఊళ్ళోనే, అతిథిగృహంలో, మార్కులు వేస్తున్నాడు. నడిస్తే పది నిమిషాల దూరం. సాల్మన్ నడవలేదు. దీపం వెలిగించి రెండు జాబితాలూ కాల్చేశాడు. చిత్తుకాగితం మాత్రం కాల్చలేకపోయాడు. ఫలితాల్లో ఆమెకు పాసు మార్కులకు రెండు తగ్గాయి. తక్కిన అన్ని పేపర్లలోనూ మొదటి శ్రేణి. మళ్ళీ రాయడానికి మూడుసార్లు అవకాశం వచ్చింది. అభ్యర్థుల జాబితా వచ్చినప్పుడల్లా సాల్మన్ ముందుగా ఆమె పేరు వెతికాడు. ఆమె ఫీజు కట్టనే లేదు.

తరవాత ఆమె హిందూపురంలోనే కాపురానికి వచ్చింది. భర్త రాఘవేంద్రకు పట్టుగూళ్ళ మార్కెట్టు వెనక సందులో దారం తీసే చిన్న యూనిట్టు ఉంది. ఆ సంగతి తెలిసిన రోజునుంచి సాల్మన్ ఆ సందు మానేసి, చుట్టు తిరిగి ఇంటికి వెళ్ళేవాడు. 2001లో ఒకసారి బస్టాండులో ఎదురుపడక తప్పలేదు. ఆమే నవ్వుతూ పలకరించి, పక్కనున్నామెతో, ఈయన మా కెమిస్ట్రీ అన్న, శానా మంచోడు, అని చెప్పింది. అతడు పెనుకొండ బస్సెక్కాల్సినవాడు. ఎదురుగా ఉన్న బస్సేదో అది ఎక్కేశాడు. లేపాక్షిలో దిగి, వెనక్కి వచ్చే బస్సు కోసం నిలబడినప్పుడు, ‘మంచోడు’ అన్న మాట చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది.

ఇప్పుడు అతని సంచిలో ఇంకొక కాగితం ఉంది. గడువు దాటిపోయిన పాత అభ్యర్థులు మిగిలిన పేపర్లు రాసుకోవడానికి విశ్వవిద్యాలయం చివరిసారిగా అవకాశం ఇచ్చింది. దరఖాస్తుకు ఆఖరు తేదీ జూన్ ముప్పై, సోమవారం. అతని ఉద్యోగానికీ అదే ఆఖరు. నెల కిందట ప్రకటన రాగానే ఒక దరఖాస్తు తెచ్చి, ఈశ్వరి పాత హాల్‌టికెట్టు నంబరు వెతికి, సంతకం తప్ప అన్నీ పూర్తిచేసి పెట్టుకున్నాడు. తీసుకెళ్ళడానికి రోజుకొక సాకు అడ్డం వచ్చింది. రోజా వేళ్ళ లెక్క అడక్కపోతే, ఆ సోమవారం కూడా అలాగే గడిచిపోయి ఉండేది.

మధ్యాహ్నం రెండు గంటలకు అతడు ఆ సందులోకి అడుగుపెట్టాడు. పదేళ్ళు తప్పించుకున్న సందు నూరడుగులు కూడా లేదు. ఉదయపు వేలం అయిపోయి మార్కెట్టు నిమ్మళంగా ఉంది. ఉడికిన పట్టుగూళ్ళ కమురువాసన గాలిలో నిలిచిపోయి ఉంది. రేకుల షెడ్డులో ఇద్దరు ఆడవాళ్ళు వేడినీళ్ళ తొట్ల ముందు కూర్చొని దారం లాగుతున్నారు. గడప దగ్గర చాట నిండా గూళ్ళు పోసుకొని, ఒక్కొక్కటి వెలుతురుకు ఎత్తి చూసి ఏరుతున్నది ఈశ్వరి. ఆమె ఏరిన గూళ్ళలో తెగే దారం ఉండదని మార్కెట్టులో ప్రతీతి. కొనేముందు తమ గంపలు కూడా ఒక చూపు చూడమని పక్క యూనిట్ల వాళ్ళు ఆమెను పిలుచుకుపోతారని సాల్మన్ విన్నాడు.

“ఏమన్నా, దావ తప్పినావా?” అంది ఆమె, స్టూలు జరుపుతూ. “కుచ్చో. రిటైరైతాండావంట గదా. శాలువా కప్పుతారా, ఉత్త పూలదండతో పంపిస్తారా?”

దండే అనుకుంటానని అతడు అన్నాడు. మంచినీళ్ళు తాగాడు. ఇంకా ఆలస్యం చేస్తే నాలుక మళ్ళీ బస్సెక్కి పారిపోతుందని తెలిసి, చిత్తుకాగితం తీసి చాట అంచున పెట్టాడు.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది గానీ దాన్ని ముట్టలేదు. “ఇది నా రాత” అంది.

“ఆ పొద్దు నీకొచ్చిన చీటీ పదిహేడు తల్లీ. ధర్మవరం సీసాలో ఉండింది స్ట్రాన్షియం. నేను పెనుకొండ కాగితం చూసి నాలుగు వేళ్ళు ఆనిస్తిని.”

లోపల చక్రాలు తిరుగుతున్నాయి. ఆమె చాటలోంచి ఒక గూడు తీసి, అతని మాటనే చూస్తున్నట్టు వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

“అంటే ఆ కుంకుమరంగు...”

“నిజమే. నువ్వు చూసింది నిజమే.”

“నా కండ్లకే ఏమో అయిందనుకొంటినే” అంది ఈశ్వరి మెల్లగా. “ఎర్రటెండలో నడిచొచ్చింటి, అందుకే ఎర్రగా అగుపడింటుంది అనుకొంటి. సాల్మనన్న ఇరవై ఏండ్లు ఆ సీసాలు కడిగినోడు, ఆయన వేళ్ళు తప్పు చెప్తాయా అనుకొంటి. కొట్టేసినా.”

ఆమె చేతులు వణకడం చూసి, భయపడిందనుకొని సాయం చేయబోయానని సాల్మన్ చెప్పాడు. అది సమర్థనగా కాక సంగతిగా చెప్పాలని ప్రయత్నించాడు, కుదరలేదు.

“భయమా?” ఆమె మొదటిసారి తలెత్తి నేరుగా చూసింది. “ఆ రంగు చూసి వణికినానన్నా. పుస్తకంలో రాసిండేది నా చేతిలో కడ్డీ కొసన అయితాండాదే అని. అట్లాంటిది నేనెప్పుడూ చూడలేదు. మళ్ళ చూడనూ లేదు.”

సాల్మన్ చూపు చాట అంచున ఉన్న ఆ గుండ్రటి రాత మీద పడింది. ముప్పై నాలుగేళ్ళలో ఆ ప్రయోగశాల ఏ క్షణం కోసం ఉందో ఆ క్షణం ఒకే ఒక్కసారి తన కళ్ళముందు వెలిగింది. దాని మీద నీళ్ళు చల్లింది తనే. పరీక్షకుడు అడిగినప్పుడు తను అన్న మాట కూడా ఆమెకు గుర్తుచేశాడు.

“అది నిజమే గదా. నేను గ్యాసుకు రాలేదు.”

“నిజమే. అందుకే అంత సుళువుగా నోట్లోంచి వచ్చింది.”

ఆమె ఇంకొక గూడు తీసి చూసి, పక్కకు వేసింది. ఇలా ఎంతమందికి చెప్పి ఉంటావని అడిగింది. లెక్క లేదన్నాడు. వాళ్ళంతా పంతుళ్ళయినారా అని అడిగింది. కొందరు అయ్యారని చెప్పాడు.

“వాళ్ళు పిల్లోళ్ళకు ఆ రంగులు చూపిస్తాండారా?”

ఆ ప్రశ్న అతనికి ఇంతవరకూ తోచనే లేదు. తను చేతులు పట్టి దాటించానని మురిసినవాళ్ళు ఎవరూ ఆ ఏటి నీళ్ళు ముట్టనే లేదు. వాళ్ళ చేతుల్లో ఎదిగిన పిల్లల మాట చెప్పనక్కర్లేదు. అతడు సంచిలోంచి దరఖాస్తు తీసి, సోమవారం ఆఖరు తేదీ అని, ఒక్క ప్రాక్టికలు రాస్తే డిగ్రీ చేతికొస్తుందని, ఫీజు సంగతి తాను చూసుకుంటానని ఒక్క గుక్కలో చెప్పేశాడు. ఆమె దాన్ని ఆసాంతం చదివింది. తన పేరు, తండ్రి పేరు, ఊరు, నంబరు, అన్నీ సరిగ్గా ఉన్నాయని ఒప్పుకుంది. తరవాత తిరిగి అతని చేతికిచ్చింది.

“ఇది వద్దన్నా.”

“ఏమిటికమ్మా? నీకు రాంది కాదే అది.”

“నాకొచ్చునని ఇప్పుడు తెలిసె గదా. చాలు.” కాసేపు ఆగి, ఆమె తన తండ్రి సంగతి చెప్పింది. ఆ రోజు హనుమంతరాయుడు కాలేజీ గేటు బయట తువ్వాలు పరుచుకొని కూర్చొని ఉన్నాడట. ఏమైందని అడిగితే కాపీ కొట్టి పట్టుబడ్డానని ఆమే చెప్పింది. సాల్మన్ పేరు చెప్పలేదు. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. అగళి చేరేదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. మళ్ళీ పరీక్షకు పొమ్మని ఎన్నడూ అనలేదు. ఆయన అననిదే ఆమె అడగలేకపోయింది.

“మూడేండ్లాయె నాయన పోయి” అంది. “నా కూతురు దొంగరాత రాసిందని మనసులో పెట్టుకొనే పోయె. ఇంక డిగ్రీ తెచ్చి ఎవరికి చూపించేది?”

సాల్మన్ తల వంచుకొని కూర్చున్నాడు. పదకొండేళ్ళలో ఎనిమిదేళ్ళు ఆ మనిషి బతికే ఉన్నాడు. ఆ ఎనిమిదేళ్ళలో ఏ ఒక్క రోజైనా అగళి బస్సెక్కి ఉంటే చాలు. నేలమీద రాలిన పట్టుపోగును అతడు బొటనవేలితో అటూ ఇటూ నెడుతూ ఉండిపోయాడు.

ఈశ్వరి లేచి లోపలికి వెళ్ళి, ఒక తెల్లకాగితం, అడుగున ఆనించుకోవడానికి ఒక అట్ట తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది.

“మాయమ్మ ఉండాది అగళిలో. చిన్నమ్మ అంటే ఆ వీధిలో అందరికీ తెలుసు. ఆయమ్మ గూడా అదే నమ్ముకొని ఉండాది. ఇప్పుడు నాకు చెప్పిందంతా రాసీ అన్నా. సంతకం పెట్టు. చదివి వినిపిస్తా.”

పెన్షను కాగితాలు ఇంకా ఏదో ఆఫీసులో ఎవరి బల్ల మీదో ఉన్నాయి. పరీక్షలో జవాబులు అందించానని తన చేత్తో రాసిన కాగితం ఒక్కటి అక్కడికి చేరితే అవి అక్కడే ఆగిపోతాయి. ఆ సంగతి ఆమెకు కూడా తెలుసు. భయమైతే వద్దులే, నోటిమాటగా చెప్పుకుంటా, అని అంది. ఆ మాటలో ఎగతాళి లేదు. అది లేకపోవడమే అతనికి బరువైంది.

సాల్మన్ కలం తీశాడు. అప్పగింత పత్రాలు రాసే అలవాటున, మొదట తేదీ, స్థలం, ఎదుట ఉన్నవారి పేరు రాశాడు. తరవాత పరీక్ష తేదీ, ఊరు, సీసా నంబరు, అందులోని లవణం. జేబులో రెండు జాబితాలు ఎందుకున్నాయో, ఏది చూశాడో, ఎన్ని వేళ్ళు ఆనించాడో రాశాడు. ఈశ్వరి సాయం అడగలేదని ఒక వాక్యం రాసి, దాని కింద గీత గీశాడు. పరీక్షకుడు అడిగినప్పుడు తను ఏమన్నాడో, ఏం దాచాడో రాశాడు. ఆ సాయంత్రం పది నిమిషాల దూరం నడవలేదని కూడా రాశాడు. రాయడానికి పట్టింది పావుగంట.

ఆమె భుజం వెనక నిలబడి చదివింది.

“ఇంకొక మాట తక్కువుండాది. నేను సరిగ్గా చూసి గూడా, నా చేత్తో నేనే కొట్టేసినానని. చెయ్యనిది చేసినట్లు రాసినానని.”

“అది వద్దమ్మా. తప్పు నాది.”

“నీది నువ్వు రాస్తివి గదా. నాది గూడా రాయి. మాయమ్మకు సగం చెప్తే, అది గూడా వేళ్ళు ఆనిచ్చినట్లే.”

అతడు ఆ వాక్యమూ రాశాడు. చివర సంతకం చేసి, కింద హోదా రాయబోయి, ఒక్క క్షణం ఆలోచించి, ‘ప్రయోగశాల సహాయకుడు’ అనే రాశాడు. ఇంకా నాలుగు రోజులు అతడు అదే.

ఈశ్వరి కాగితాన్ని గూళ్ళను చూసినట్టే వెలుతురుకు ఎత్తి, సంతకం మీద సిరా ఆరేదాకా పట్టుకుంది. సాల్మన్ సంతకం లేని దరఖాస్తును చొక్కా జేబులో పెట్టుకొని లేచాడు. ఆదివారం అగళికి పోతానని ఆమె చెప్పింది. తనూ రానా అని అతడు అడగాలనుకున్నాడు. అది కూడా ఎవరూ అడగని సాయమే అవుతుందని తోచి ఊరుకున్నాడు. ఆమె పాత చిత్తుకాగితాన్ని కొత్త కాగితం మధ్యలో పెట్టి, రెండింటినీ కలిపి నాలుగు మడతలు పెట్టి, గోడగూటిలో ఉన్న చేతిసంచి తీసి, లోపలి అరలో దాచి జిప్పు లాగింది.